అడ్డంగా తిప్పిన ఫోను

పోయిన వారం గుడివాడలో మా పెద్దమ్మాయి ఇంటికి వెళ్దామని బందరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, కాలేజీ పిల్ల ఒకతె వచ్చి నా పక్కన కూర్చుంది. బస్సు ఊరు దాటి పొలాల మధ్యకు వచ్చేసరికి ఆ పిల్ల ఫోను నిలువుగా పట్టుకుని ఏదో చూస్తూ చూస్తూ, బొమ్మ పెద్దగా కనిపించడం కోసం దాన్ని అడ్డంగా తిప్పింది. ఈ రోజుల్లో అందరూ చేసే పనే అది. నేను మాత్రం ఎవరైనా నా ఎదుట ఫోను అలా తిప్పితే ఇప్పటికీ చూడలేను. కళ్ళు మూసుకున్నాను. బస్సు పడక నాకు తిప్పుతోందనుకుందేమో పాపం, "కిటికీ ఇంకాస్త తియ్యమంటారా అండీ" అని అడిగింది.

గుడివాడ నుంచి తిరిగొచ్చాక ఆ సంగతి రాయాలనిపించింది. ఇంతవరకు నేనేదీ రాసి ఎరగను. ఐదో తరగతి దాటలేదు. తప్పులుంటే నా ఈడువాళ్ళు సర్దుకుని చదువుతారన్న ధైర్యంతోనే కూర్చున్నాను.

మా పుట్టిల్లు దివిసీమ. ఉప్పెన వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. ఆ నీళ్ళతోనే మా బడీ పోయింది, నా చదువూ పోయింది. మా నాన్న తన చెల్లెల్ని వెతుక్కుంటూ ఊళ్ళ వెంట నడవడం నాకు గుర్తుంది. పొద్దున్నే వెళ్ళేవాడు, మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చేవాడు, మా నానమ్మ ఆయన మొహం చూసి ఏమీ అడగకుండా కాళ్ళకు నీళ్ళు పోసేది. ఆ రోజుల్లో మనిషి ఉన్నాడో లేడో తెలియాలంటే నడిచి వెళ్ళి, వంగి, మొహం చూడటం ఒక్కటే దారి. ఎంత కష్టమైనా చూసినదాంట్లో పొరపాటు ఉండేది కాదు.

తరువాత నన్ను బందరు పక్కన హార్బరున్న గిలకలదిండిలో ఇచ్చారు. మా ఆయన బోటు మీద వేటకు వెళ్ళేవాడు. నేను హార్బర్లో వేలంపాటలో చేపలు పాడుకుని తట్టలో పెట్టుకుని బందరు వీధుల్లో అమ్మేదాన్ని. వేలం సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. పాట అయిపోగానే డబ్బులిచ్చి తట్ట ఎత్తుకుపోవడం కుదరదు, ఇంకో పాటకు పరిగెత్తాలి. అందుకని ఎవరు పాడుకున్న తట్ట మీద వాళ్ళు తమ గుర్తు పెట్టి వెళ్ళేవాళ్ళం. నాది పచ్చ వలతాడు ముక్క. పక్కింటి వదినది తెగిపోయిన చెప్పు పట్టీ. ఒకామెది గవ్వ. గుర్తు ఎప్పుడూ తట్ట మీదే ఉంటుంది. కింద పెడితే ఆ నీచునీళ్ళలో ఎక్కడ పోతుందో. అలా కాపురానికొచ్చినప్పటి నుంచి, పైనున్న గుర్తు కిందున్నదానిదే అని నా కళ్ళకు అలవాటయిపోయింది. ఆ హార్బర్లో ఆడవాళ్ళందరి కళ్ళకూ అంతే.

వేలితో జరిపే ఫోన్లు మా ఊళ్ళోకి కొత్తగా వస్తున్న రోజుల్లో ఒక తుఫాను వచ్చింది, పెద్దది కూడా కాదు. రెండు రోజులు గాలి కొట్టి వెళ్ళిపోయింది, ఊళ్ళో ఒక్క రేకు లేవలేదు. సముద్రం మీదున్న బోట్లు కొన్ని మాత్రం తిరిగి రాలేదు. వాటిలో ఒకదాని మీద మా ఆయన, పక్కింటి వదిన భర్త ఇద్దరూ ఉన్నారు. ఆయన్ని నేను అన్నయ్య అనేదాన్ని. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే, వాళ్ళింట్లో గిన్నె పడితే మా ఇంట్లో వినిపించేది. మగవాళ్ళిద్దరూ ఎప్పుడూ ఒకే బోటెక్కేవాళ్ళు.

మా ఆయన కొత్తగా ఒక ఫోను కొనుక్కున్నాడు, వేలితో రాస్తే జరిగే రకం, చవకది. ఉప్పునీళ్ళకు పాడవుతుందని వేటకు వెళ్ళేటప్పుడు ఇంట్లోనే వదిలేవాడు. నేను ముట్టుకుంటే గీతలు పడతాయని నవ్వుతూ బెదిరించేవాడు. చివరికి దాన్ని ముట్టుకోవాల్సింది నేనే అయింది.

బోట్ల యజమానులు బందరులో కంప్యూటర్ షాపు నడిపే సాయెబుగారబ్బాయిని పిలిచి ఒక పేజీ పెట్టించారు. అతనికి అప్పటికి పాతికేళ్ళు ఉంటాయేమో. రోల్డుగోల్డు కొట్లవాళ్ళకు నగల బొమ్మలతో ఇంటర్నెట్లో పేజీలు చేసి పెడుతుండేవాడు. మంచి పిల్లాడు. ఇంటింటికీ వచ్చి రానివాళ్ళ ఫొటోలు అడిగి తీసుకున్నాడు. మా ఆయనది విడిగా దిగిన ఫొటో లేదు. మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో అందరం కలిసి దిగినదాంట్లోంచి ఆయన్ని కత్తిరించి తీసుకున్నాడు. చారల చొక్కా, దువ్విన క్రాపు, పక్కనే అంచున నా భుజమూ నా చీర చెంగూ కొంచెం పడ్డాయి. "చెంగు తీసెయ్యమంటారా అక్కా" అని అడిగితే, ఉండనీ బాబూ అన్నాను.

ఆ పేజీలో ఒక్కొక్క మనిషికి ఒక ఫొటో, ఒక పేరు, ఒక గుర్తు. ఎక్కడో ఒక ఒడ్డుకు చేరాడని కబురొస్తే ఆకుపచ్చ చుక్క, కబురు లేకపోతే ఎర్రచుక్క. కబుర్లు యజమానికి వచ్చేవి, ఆయన సాయెబుగారబ్బాయికి చెప్పేవాడు, అతను చుక్క మార్చేవాడు. యజమానుల ఆఫీసు ముందు జనం విరగబడుతుంటే, గొడవ పడకండి, అన్నీ పేజీలోనే పెడతాం చూసుకోండి అని చెప్పేశారు. మొదటి రోజు అన్నీ ఎర్రచుక్కలే. వదినది నొక్కుడు బటన్ల ఫోను, అందులో ఆ పేజీ తెరుచుకునేది కాదు. అందుకని ఇద్దరం మా గుమ్మంలోనే కూర్చుని మా ఆయన ఫోన్లో చూసేవాళ్ళం. ఆ ఫోన్లో తెలుగు అక్షరాలు కూడా వచ్చేవి కావు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు వరసగా కనిపించేవి. నాకొచ్చిన నాలుగు అక్షరాలూ అక్కడ పనికిరాలేదు. ఫొటోలూ చుక్కలే మాకు దిక్కు.

రెండో రోజు పొద్దున కబురొచ్చింది. బోటు పగిలిపోయిందనీ, కొంతమందిని వేరే బోటువాళ్ళు ఎత్తుకుని ఒరిస్సా వైపు ఒక ఒడ్డుకు చేర్చారనీ, ఆసుపత్రిలో ఉన్నారనీ, యజమాని కారేసుకుని అటు బయలుదేరాడనీ చెప్పారు. ఎవరెవరో పేజీలో పెట్టారన్నారు. వదినా నేనూ గుమ్మంలో కూర్చుని వేలితో పైకి జరిపాము. అన్నయ్య ఫొటో వచ్చింది, పైన ఎర్రచుక్క. ఇంకొంచెం జరిపితే ఆకుపచ్చ చుక్క, దాని కిందే, తల ఆనుకుని, చారల చొక్కాతో మా ఆయన.

ముందు మాట్లాడింది వదినే. నా మొహం రెండు చేతులతో పట్టుకుని, "బతికాడే పిల్లా, నీ మొగుడు బతికాడు" అంది. అని లేచి, చీర దులుపుకుని, వాళ్ళింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నేను తలంటి పోసుకున్నాను. ఆయన ఇంటికి చేరడానికి ఇంకా రోజులు పడుతుందని తెలిసినా చేపల పులుసు పెట్టాను. ఆయన చొక్కాలు ఉతికి ఆరేశాను. గోడ అవతల గిన్నె చప్పుడు కూడా వినపడలేదు. మధ్యాహ్నం పులుసూ అన్నమూ పట్టుకుని వెళ్తే వదిన రోడ్డు వైపు చూస్తూ గడప మీద కూర్చుని ఉంది. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే తల అడ్డంగా ఊపింది. "ఇంకా కనపడలేదనే కదా వదినా ఎర్రచుక్క పెట్టింది, లేడని పెట్టలేదుగా" అన్నాను. వదిన నా వంక చూసి ఆ ముద్ద తింది. నాకోసం తిందని నాకు తెలుసు.

మర్నాడు హార్బరుకు వెళ్ళాను. చేపలు పాడుకోవాలని కాదు, అందరికీ కనపడాలని. అక్కడ ఐసు గంపల దగ్గర కూర్చునే ముసలమ్మ ఒకామె ఉండేది, ఎవరినీ వదిలేది కాదు. నన్ను చూడగానే, "మొగుడొస్తన్నాడని పూలెట్టుకుని చేపల దగ్గరికొచ్చావంటే నువ్వేం కొంటావో నీకే తెలవదే, ఆ వంజరాలు సిగ్గుతో కళ్ళు తేలేసినయ్ చూడు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వడం అదే ఆఖరు అనుకుంటాను.

గుడివాడ నుంచి లారీ వేసుకొచ్చి చేపలు కొనే వ్యాపారి ఒకాయన ఉండేవాడు, అందరూ ఆయన్ని బావ అనేవాళ్ళు. ఆయన చేతిలో పలకంత ఫోను. ఆయన తన ఫోన్లో చూసి, ఒకసారి నా వంక చూసి, మళ్ళీ ఫోన్లో చూసి, మెల్లిగా అన్నాడు.

"నాకెందుకో ఆకుపచ్చది మీ పక్కింటాయనకి కనపడతందమ్మా."

"సరిగ్గా చూడు బావా" అంది గవ్వ గుర్తు ఆమె.

"చూసే చెప్తన్నా. ఆయన పక్కనే ఉంది."

"పెద్ద ఫోనుంటే పెద్ద నిజం కనపడుద్దా ఏంటి? మా అందరి ఫోన్లలో ఈమె మొగుడికే ఉంది. నువ్వు చేపలు తూకం చూసినట్టే చుక్కలు చూస్తన్నావ్."

దాంతో తలా ఒక ఫోను తీశారు. ఒకరి దాంట్లో ఒకలా ఉంది, ఒకరి దాంట్లో ఇంకోలా ఉంది. ఒక ఫోన్లో అయితే చుక్కలే లేవు. పేజీ గంటగంటకీ మారుతోందేమో అని ఒకరు, పెట్టినవాడికి బుర్ర లేదని ఒకరు, అరుపులు పెరిగాయి. నేను మా ఆయన ఫోను నిలువుగా పట్టుకుని నిలబడ్డాను. నా దాంట్లో ఆకుపచ్చ ఆయన తల మీదే ఉంది. అది చూస్తూ ఉన్నంతసేపు నాకు ఎవరి అరుపూ పట్టలేదు.

సాయెబుగారబ్బాయికి ఎవరో ఫోను చేస్తే మోటారు సైకిలు మీద వచ్చాడు. వలలు కుట్టే పాక కింద ఒక వల పరిచి ఉంది. దాని మీద అందరి ఫోన్లూ వరసగా పెట్టించి, అన్నింట్లో అదే పేజీ తెరిపించాడు. ఒక్కొక్కదాని మీదకూ వంగి చూస్తుంటే నాకెందుకో మా నాన్న గుర్తొచ్చాడు. చూస్తూ చూస్తూ అతని మొహం నల్లబడిపోయింది. షాపులో కంప్యూటర్లో, తన ఫోన్లో చూసుకున్నాననీ, అక్కడ ఫొటో, పేరు, చుక్క ఒకే వరసలో పక్కపక్కన ఉన్నాయనీ, చిన్న ఫోన్లలో చోటు చాలక చుక్క కిందకి జారిపోయిందనీ చెప్పాడు. జారిన చుక్క తన ఫొటోకు దూరంగా, తరవాతి ఫొటోకు దగ్గరగా పడింది. అన్నయ్య ఫొటో తరవాత మా ఆయన ఫొటో ఉంది.

"పైనున్న చుక్క ఎవరిదనుకున్నారక్కా" అని నన్ను అడిగాడు.

"కిందాయనది" అన్నాను. "తట్ట మీద గుర్తు తట్టదే కదా బాబూ."

అతనికి అర్థం కాలేదు. గవ్వ గుర్తు ఆమె తన గవ్వ తీసి ఒక తట్ట మీద పెట్టి చూపించింది. అతను ఆ గవ్వ వైపే చూస్తూ ఉండిపోయాడు. తరవాత వల మీద నుంచి నా ఫోను నెమ్మదిగా తీసుకుని, నాకు కనపడేలా పట్టుకుని, అడ్డంగా తిప్పాడు. తెర వెడల్పయింది. ఆకుపచ్చ చుక్క మా ఆయన తల మీద నుంచి లేచి అన్నయ్య పక్కకు వెళ్ళి కూర్చుంది. మా ఆయన పక్కకు ఎర్రది వచ్చింది. నేను ఫోను లాక్కుని మళ్ళీ నిలువుగా పెట్టాను. ఆకుపచ్చ మళ్ళీ ఆయన మీదకొచ్చింది. నిలబెడితే ఉన్నాడు, పడుకోబెడితే లేడు. ఎన్నిసార్లు అలా తిప్పానో నాకు తెలియదు, ఎవరూ నన్ను ఆపలేదు.

ఇప్పుడే షాపుకు వెళ్ళి సరిచేస్తానని అతను లేచాడు. అప్పుడు నేనొక మాట అడిగాను. చదువుకున్నవాళ్ళకు అది పిచ్చిమాటగా ఉంటుంది, నాకు మాత్రం ఇప్పటికీ అలా అనిపించదు.

"అందరి ఫోన్లలో సరిచెయ్యి బాబూ. ఈ ఒక్క ఫోన్లో ఇలాగే ఉంచుతావా?"

అతను లేచినవాడల్లా మళ్ళీ కూర్చున్నాడు. పేజీ ఒక్కటే అక్కా, అదే అందరికీ వెళ్తుంది, ఒక్కరికి వేరేగా పంపడం కుదరదు అన్నాడు. వదినకు తెలియాలి కదా అని కూడా అన్నాడు. ఆ మాట నాకు తగిలింది. వదిన ఇంకా ఆ గడప మీదే కూర్చుని ఉంటుంది.

నేనే వెళ్ళి చెప్పాలనుకున్నాను గానీ నాకన్నా ముందే ఎవరో పరిగెత్తి చెప్పారు. నేను వీధి మలుపు తిరిగేసరికి వదిన ఎదురొచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని మొహం. నన్ను చూసి ఆ మొహం ఏం చేసుకోవాలో తెలియక చెంగుతో కప్పుకుంది. ఇంటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, నేను ముందురోజు వండిన పులుసే వేడి చేసి, ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టి, "ఇంకా కనపడలేదనే కదా పిల్లా ఎర్రచుక్క పెట్టింది, లేడని పెట్టలేదుగా" అంది. నా మాటే, నేనన్నట్టే అంది. నేను ఆ ముద్ద తిన్నాను.

సాయంత్రానికి పేజీ మారిపోయింది. ప్రతి మనిషి చుట్టూ ఒక గీత గీసి, ఫొటో, చుక్క, పేరు అన్నీ ఆ గడిలోనే ఉండేలా చేశాడు. పేర్లు కూడా అక్షరాలుగా కాకుండా బొమ్మలుగా పెట్టాడట, డబ్బాలు పోయి పేర్లు కనిపించాయి. ఫోను నిలబెట్టాను, పడుకోబెట్టాను. ఎర్రచుక్క కదల్లేదు.

అన్నయ్య ఇంటికొచ్చాడు. మా ఆయన రాలేదు, శవమూ దొరకలేదు. బోటు పగిలాక ఇద్దరం ఒకే చెక్క పట్టుకుని తేలామనీ, తెల్లారి చూస్తే అవతలి కొసన చెయ్యి లేదనీ అన్నయ్య ఒక్కసారి చెప్పాడు, మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. తరవాత వేట మానేసి వలలు కుట్టుకునేవాడు. నేను వీధిలో ఎదురైతే తల వంచుకునేవాడు, బతకడం ఏదో తప్పు అయినట్టు. వదిన మా ఇంటికి వచ్చేటప్పుడు తల్లో పూలు తీసి వాళ్ళ గుమ్మం మీద పెట్టి వచ్చేది. వద్దు వదినా, పెట్టుకునే రా అంటే, వాడిపోయాయిలే అనేది. తాజా పూలే అవి, నాకు గోడ మీద నుంచి వాసన వచ్చేది.

పేజీలో వచ్చినవాళ్ళ గడులు ఒక్కొక్కటే తీసేశారు. ఆఖరుకు ఎర్రచుక్కలవాళ్ళే మిగిలారు. కొన్నాళ్ళకు ఆ పేజీ తెరుచుకోవడమే మానేసింది.

సాయెబుగారబ్బాయి మాత్రం వచ్చేవాడు. కొత్త పేజీ ఏది చేసినా జనంలోకి వదిలే ముందు మా ఆయన ఫోన్లో తెరిచి చూపించేవాడు. బందరు వీధుల్లో తట్టతో తిరిగేటప్పుడు నేనే ఫోను చెంగులో ముడేసుకుని అతని షాపుకు వెళ్ళేదాన్ని. దేని మీద ఏముంది, ఏది ఎవరిదనిపిస్తోంది అని అడిగేవాడు. ఈ ధర పైనున్న హారానిదా, కిందున్న గాజులదా? పెళ్ళి సంబంధాల పేజీలో ఈ ఊరి పేరు ఈ పిల్లదా, ఆ పిల్లదా? నాకు తోచింది చెప్పేదాన్ని, అతను తలూపి ఏదో మార్చేవాడు. టీ తెప్పించేవాడు. మేమిద్దరం ఆ రోజు సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. కొత్త పేజీ తెరిచి నా చేతికిచ్చేటప్పుడు ఫోను ఎప్పుడూ నిలువుగానే ఇచ్చేవాడు, అడ్డంగా చూడాల్సి వస్తే దుకాణం లోపలికి వెళ్ళి చూసుకుని వచ్చేవాడు.

ఇప్పుడతనికి ఆ అవసరం లేదు. ఫోన్లన్నీ పెద్దవయ్యాయి, చవక ఫోన్లలో కూడా తెలుగు చక్కగా వస్తోంది. ఏ పేజీ అయినా ఏ ఫోన్లో అయినా తనంతట తాను సర్దుకుని ఒకేలా కనిపిస్తుందట. మంచిదే. ఇంకే ఆడమనిషీ ఇంకొకరి చుక్క చూసుకుని తలంటుకోకూడదు. హార్బర్లో కూడా తట్టల మీద గుర్తులు పెట్టడం పోయింది, ప్లాస్టిక్ డబ్బాలకు అంటించే కాగితాలొచ్చాయి. ఐసు గంపల ముసలమ్మ లేదు. అన్నయ్య పోయి రెండేళ్ళయింది. వదినకు ఇప్పుడు మా ఇంటికొచ్చేటప్పుడు తీసిపెట్టడానికి పూలు లేవు. ఇద్దరం గుమ్మంలో కూర్చుంటాం, మా ఇద్దరి చుక్కా ఒకటే రంగయింది.

కానీ ఒక్కోసారి అనిపిస్తుంది. ఉప్పెనప్పుడు మా నాన్న చూసినదాంట్లో పొరపాటు లేదు, ఇప్పటి ఫోన్లలో కూడా పొరపాటు లేదు. మధ్యలో ఆ కొద్దికాలమే, ఒక్కో ఫోన్లో ఒక్కోలా కనిపించిన ఆ రోజుల్లోనే, మా ఆయన ఒక పగలూ ఒక రాత్రీ ఎక్కువ బతికాడు. ఆయన కోసం పులుసు పెట్టాను, చొక్కాలు ఆరేశాను. ఆ రోజు పొరపాటుదే గానీ, దాన్ని నేను నిజంగానే గడిపాను.

ఆ ఫోను నా దగ్గరే ఉంది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పగిలింది, ఛార్జింగ్ ఎక్కదు, ఇంట్లో ఉంచకూడదని అమ్మాయి పోరుతోంది. గుడివాడ నుంచి వచ్చిన రోజు బీరువాలోంచి దాన్ని తీసి తెర తుడిచి చేతిలో పట్టుకున్నాను. నిలువుగా పట్టుకుని చూశాను. తరవాత అడ్డంగా తిప్పి చూశాను. ఎటు తిప్పినా ఒకేలా ఉంది, నల్లగా.